దొమ్నా చేతిలోని అక్రోటుకాయ

అక్టోబరు వచ్చిందంటే మక్వాలా ఇంటి రేకుల కప్పు మీద అక్రోటుకాయలు టపటపా రాలతాయి. పెరట్లోని చెట్టు ముసలిదైపోయింది. ఒక పక్క కొమ్మ ఎండిపోయింది కూడా. కానీ కాయడం మాత్రం మానలేదు. వరండాలో చదరంగం నేర్చుకోవడానికొచ్చే ఆడపిల్లలు ఆ చప్పుడుకి ఉలిక్కిపడి పైకి చూస్తారు. "పడితే పడనీండర్రా, మీ ఎత్తు మీరు చూసుకోండి" అని కసురుతుంది మక్వాలా. నిజానికి ఆ మాట ఆమెది కాదు, అత్తగారిది. ఆ కసురు కూడా అత్తగారిదే. డెబ్బై దాటాక ఎప్పుడొచ్చిందో ఏమో, అచ్చం అలాగే వచ్చి తన నోట్లో కూర్చుంది.

పిల్లల తల్లులు వచ్చి అడుగుతుంటారు. "టీచరుగారూ, మా పిల్ల ఎన్నాళ్ళాడినా ఓడిపోతూనే ఉంది. ఏం పుస్తకం కొనమంటారు? పోనీ ఫోన్లో ఏదైనా పెట్టివ్వమంటారా?"

"పుస్తకం తర్వాత కొందురుగాని. ముందు ఒక అక్రోటుకాయ చేతికివ్వండి" అంటుంది మక్వాలా.

ముసలావిడకి చాదస్తం ముదిరిందనుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఇప్పటికీ ఓడుతూనే ఉన్నారు, అది వేరే సంగతి.

వరండాలోంచి ఎదుటి కొండ కనిపిస్తుంది. ఇప్పుడక్కడ ముళ్ళకంపా, నడుమెత్తు అడవిగడ్డీ తప్ప ఏమీ లేదు. ఒకప్పుడు ఆ కొండంతా తేయాకు. దువ్వెన పెట్టి దువ్వినట్టు వరసలు, ఆ వరసల మధ్య నడుముకి బుట్టలు కట్టుకున్న ఆడవాళ్ళు, వాళ్ళ గొంతులు. ఆ రోజులు తలుచుకుని మక్వాలా కళ్ళు తుడుచుకుంటుంది. ఆ పని కోసం కాదు. అది నడుము విరగ్గొట్టే పని, దాన్ని తలుచుకుని ఎవరూ కళ్ళు తుడుచుకోరు. ఆ గొంతుల కోసం.

* * *

కొత్తకోడలిగా ఈ గురియా కొండల్లోకి వచ్చేటప్పటికి మక్వాలా కుతైసీ పట్నంలో టీచరు చదువు సగంలో ఉంది. వలికో లారీ డ్రైవరు. మంచి మీసం, మాటకి ముందు నవ్వు. "పెళ్ళయినా చదువు ఆగదు, ఏడాది తిరిగేసరికి నిన్ను నేనే లారీలో దింపి వస్తాను" అని మాటిచ్చాడు. మాట ఇవ్వడానికి వలికో ఎన్నడూ వెనకాడలేదు. ఇచ్చిన మాట వాళ్ళమ్మ ముందు చెప్పడానికి మాత్రం వెనకాడేవాడు.

వాళ్ళమ్మ దొమ్నా తేయాకు కోసే ఆడవాళ్ళ దళానికి పెద్ద. నల్ల తలగుడ్డ, మగవాడి బూట్లు, కొండకి ఇవతల దగ్గితే అవతల వినిపించే గొంతు. కుడిచేతిలో ఎప్పుడూ ఒక అక్రోటుకాయ ఉండేది. అరిచేతి చెమటకి అది నల్లగా నున్నబడి, గింజ ఎండి లోపల గలగలలాడేది. కోతకి వెళ్ళేటప్పుడు ఏప్రన్ జేబులో వేసుకునేది. ఇంటికి రాగానే మళ్ళీ చేతిలోకి తీసుకునేది. ముసలాళ్ళ అలవాటేమోలే అనుకుని మక్వాలా ఎప్పుడూ అడగలేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. గురియా వాళ్ళకి మాటా తొందరే, కోపమూ తొందరే. మక్వాలా మామగారు బతికున్న రోజుల్లో ఆయనా తమ్ముడూ ఒక ఆవు విషయంలో అరుచుకుని అరుచుకుని, చివరికి కిటికీ అద్దాలు పగలగొట్టుకున్నారు. ఆ రోజే ఆయన ఖరారు చేశాడు: ఇకమీదట ఈ ఇంట్లో తగాదా వస్తే చదరంగం బల్ల మీదే తేలాలి. గెలిచినవాళ్ళ మాట నెగ్గుతుంది. ఓడినవాళ్ళు ఋతువు మారేదాకా ఆ ఊసెత్తకూడదు. ఆట సమానమైతే అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. పద్ధతి బాగానే ఉంది. కాకపోతే ఆయన పోయాక దొమ్నాని ఓడించేవాళ్ళు ఆ ఇంట్లోనే కాదు, ఊళ్ళోనే లేకుండా పోయారు. దొమ్నా ఇంట్లో బల్ల వేశారంటే దొమ్నా చెప్పిందే జరుగుతుందని కుక్కపిల్లకి కూడా తెలుసు.

మక్వాలాకి తెలీదు. వచ్చిన తొలి వసంతంలో ఒకరోజు మొక్కజొన్న రొట్టె, జున్ను ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ధైర్యం చేసి అడిగేసింది.

"అత్తయ్యా, నేను కుతైసీ వెళ్ళి చదువు పూర్తి చేసుకుంటాను. నవంబరు దాటితే నా పేరు కొట్టేస్తారట."

వలికో రొట్టెలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"కోత మొదలయ్యే ముందా?" అంది దొమ్నా. "దళంలో చేతులు చాలక నేను ఏడుస్తుంటే, మా కోడలు పుస్తకం పట్టుకుని బస్సెక్కుతుందా? ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"రెండేళ్ళే కదా అత్తయ్యా. చదువైపోగానే వచ్చేస్తాను."

"వస్తావులే. ఇక్కడి వానా, ఇక్కడి బురదా తలుచుకుని పరిగెత్తుకొస్తావు." దొమ్నా లేచి చేతులు కడుక్కుంది. "వలికో, బల్ల తీసుకురా."

మక్వాలాకి పావులు ఎలా నడుస్తాయో తెలుసు. ఆ రోజుల్లో తెలియనిదెవరికి? తమ దేశపు ఆడపిల్లలు చదరంగంలో ప్రపంచాన్ని ఓడించి వస్తుంటే ప్రతి ఇంట్లోనూ ఒక బల్ల ఉండేది, రేడియో చుట్టూ ఆడవాళ్ళు గుమిగూడేవారు. కానీ నడక తెలియడం వేరు, ఆట తెలియడం వేరు. మక్వాలా తన మంత్రిని మొదట్లోనే బయటికి లాగి ఊరేగించింది. దొమ్నా ఒక్కొక్క పావునే బయటికి తెస్తూ, తెచ్చినప్పుడల్లా ఆ మంత్రిని ఒక గడి తరిమింది. పాలు కాగే లోపు ఆట అయిపోయింది.

"ఎండాకాలంలో మళ్ళీ అడుగు" అంది దొమ్నా. అక్రోటుకాయ చేతిలోకి తీసుకుని పాలు దించడానికి వెళ్ళిపోయింది.

* * *

మక్వాలా కోతకి వెళ్ళసాగింది. రెండు ఆకులూ ఒక మొగ్గా. కంటికి కనిపించీ కనిపించగానే వేలు తుంచెయ్యాలి, ఆలోచిస్తే వెనకబడిపోతాం. మొదటి నెల వేళ్ళు పగిలి నెత్తురొచ్చింది. ఆ తర్వాత చేతులు వాటంతటవే నడవడం నేర్చుకున్నాయి.

తోటలో ఆమెకి దొరికిన గురువు లామారా. పక్కింటావిడ. నోట్లో నువ్వుగింజ నానదు, కానీ ఊళ్ళో దొమ్నా తర్వాత అంతటి ఆటగత్తె. దొమ్నా ఒక వరసలో, లామారా ఇంకో వరసలో నిలబడి ఆకు కోస్తూనే చదరంగం ఆడేవాళ్ళు. బల్లా లేదు, పావులూ లేవు. కొండ మీద కేకలే.

"ఒసేయ్ దొమ్నా! నా గుర్రం నీ రాజు పక్కకొచ్చింది, చూసుకో!"

"చూశాను లేవే! నా తాబేలు దాన్ని ఎప్పటినుంచో చూస్తోంది!"

వాళ్ళు ఏనుగుని రథమంటారు, శకటును తాబేలంటారు. పేరుకి తాబేలేగానీ ఈ మూలనుంచి ఆ మూలకి ఒక్క అంగలో వెళ్ళిపోతుంది. మధ్యలో వరసల్లో ఉన్నవాళ్ళంతా ఎవరికి తోచింది వాళ్ళు అరిచేవారు. బుట్టలు నిండేవి, ఆట సాగేది, వాన వస్తే గోనెపట్టా నెత్తిమీద వేసుకునీ ఆట సాగేది. మక్వాలాకి మొదట్లో ఏ పావు ఎక్కడుందో నాలుగు కేకల తర్వాత తెలిసేది కాదు. ఎండాకాలం సగమయ్యేసరికి ఆకుల మీద గడులు కనిపించడం మొదలైంది.

"పిన్నీ, నేను గెలవాలంటే ఏం చెయ్యాలి?" అని లామారాని అడిగింది ఒకరోజు.

"ముందు గెలవాలనుకోవడం మానెయ్. తెలివితక్కువగా ఓడకుండా ఉండడం నేర్చుకో. మీ అత్త ఏదైనా పావు కదిపిందనుకో, నువ్వేం చేస్తావు?"

"నా ఎత్తు ఆలోచిస్తాను."

"అదే మరి నీ జబ్బు! అది అక్కడికి ఎందుకొచ్చింది, దేని మీద కన్నేసింది అని అడగవా? ఇంటికి చుట్టమొచ్చి కూర్చుంటే ఎందుకొచ్చారని అడక్కుండా వంటింట్లోకి పోతావా? అడుగు. తర్వాత నీవాళ్ళని చూసుకో. కాపలా లేకుండా ఒంటరిగా ఎవరున్నారో చూడు. అప్పుడు, అప్పుడు నీ ఎత్తు."

సాయంత్రాలు లామారా తన ఇంట్లో బల్ల ముందు కూర్చోబెట్టేది. పావులన్నీ పెట్టనిచ్చేది కాదు. ఇద్దరు రాజులు, ఒక బంటు. అంతే.

"ఇదేం ఆట పిన్నీ, ఖాళీ బల్ల!"

"ఖాళీ బల్లమీద ఆడటం రానిదానివి, నిండు బల్లమీద ఏం పొడుస్తావే? చివర ఏం జరుగుతుందో తెలిస్తే కదా మధ్యలో ఎటు నడవాలో తెలిసేది. ఈ బంటుని అవతలి గట్టు చేర్చు. చేర్చాక మాట్లాడు."

ఓడిపోయిన ఆటని పడుకునే ముందు మొదటినుంచీ మళ్ళీ నెమరు వేసుకోమనేది. "గెలిచినవి మర్చిపోయినా పరవాలేదు. ఓడినవి మాత్రం మర్చిపోకు" అనేది. ఆటలో మక్వాలా పెరిగింది. అది దొమ్నా కూడా చూసింది.

ఆగస్టులో, ఎండాకాలపు ఆటలో మక్వాలా నిజంగానే దొమ్నాని మూలకి నెట్టింది. ఒక బంటు ఎక్కువ, మంచి చోట గుర్రం. వరండా మెట్ల మీద లామారా మెడ చాచి చూస్తూ కూర్చుంది. అప్పుడు దొమ్నా బంటొకటి ముందుకి తోసింది. మక్వాలా కంటికి ఆ బంటు కనిపించింది, కనిపించీ కనిపించగానే చెయ్యి వెళ్ళి గుర్రాన్ని పట్టుకుంది. పట్టుకున్నాక గానీ తెలీలేదు, ఆ గుర్రం కదిలితే వెనకాల రాజుకి దిక్కులేదని.

"అయ్యో..." అంది.

"ముట్టుకుంటే నడపాలి" అంది దొమ్నా.

నడిపింది. ఓడిపోయింది.

* * *

ఆ రోజు మక్వాలా అక్రోటు చెట్టు కింద నిలబడి ఎడమచేత్తో తన కుడిచేతిని ఫెడీఫెడీమని కొట్టుకుంది. చదువు పోయేలా ఉందన్న బాధ కంటే తన చేతిమీద కోపం ఎక్కువగా ఉంది. కొడుతూ ఏడుస్తూ ఉంటే వెనక నుంచి దొమ్నా గొంతు వినిపించింది.

"దాన్నెందుకే కొడతావు? దానికి నేర్పిన పని అది చేసింది."

మక్వాలా మొహం తుడుచుకుంది.

"ఈ దళంలో నీ అంత జోరుగా కోసేది ఇప్పుడింకొకతె లేదు" అంది దొమ్నా. "కన్ను చూడగానే చెయ్యి తుంచేస్తుంది. తోటలో అది వరం. బల్ల మీద అదే నీ కొంప ముంచుతుంది. నాకూ ఇదే జబ్బుండేది. కొత్తలో ఎన్ని ఆటలు పోగొట్టుకున్నానో. మీ మామ పగలబడి నవ్వేవాడు. ఇందా."

అరచేతిలోని అక్రోటుకాయని కోడలి చేతిలో పెట్టింది. అది వెచ్చగా ఉంది.

"ఆడేటప్పుడు కుడిచేతిలో ఇది ఉండాలి. పావు ముట్టాలంటే ముందు దీన్ని కింద పెట్టాలి. పెట్టే లోపల కన్ను బల్లంతా ఒకసారి తిరిగొస్తుంది. అంతే కిటుకు. ఇంకేం లేదు."

మక్వాలా ఆ కాయ వంకా అత్తగారి వంకా మార్చి మార్చి చూసింది. "మీకెందుకత్తయ్యా ఇదంతా? నేను గెలిస్తే వెళ్ళిపోతాను కదా."

"గెలిచినప్పటి మాట. నీ చేతిని ఓడిస్తే నాకేం తృప్తే? బుర్రని ఓడించాలి." దొమ్నా కాసేపు చెట్టు పైకి చూసింది. కాయలింకా పచ్చిగా ఉన్నాయి. "నువ్వు పోతే ఈ ఇంట్లో నాతో ఆడేదెవరు? వలికోనా? గుర్రం ఎటు గెంతుతుందో వాడికింకా తెలీదు. చలికాలమంతా వాన. లారీ ఎటుపోతే వాడటు పోతాడు. ఒక్కదాన్నీ కూర్చుని చినుకులు లెక్కెట్టుకోవాలి."

ఆ మాట అన్నందుకు తనమీద తనకే కోపమొచ్చినట్టు, "పో, ఆవుకి మేత వెయ్యి" అని కసిరి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ ఆ కాయ మక్వాలా చేతిని వదల్లేదు. ఉప్పుడబ్బా అందుకోవాలన్నా కాయ కింద పెట్టి, చుట్టూ చూసి, అప్పుడు అందుకునేది. కోతలో మాత్రం జేబులో ఉండేది. అయినా అలవాటు చేతికి ఎక్కేసి, ఒక్కోసారి మొగ్గ ముందు వేలు ఆగిపోయేది.

"ఏమే, ఆకు తుంచడానికి దాని అనుమతి అడుగుతున్నావా?" అని లామారా వెక్కిరించేది. వరసలన్నీ గొల్లుమనేవి.

* * *

ఆఖరి ఆట అక్టోబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం. నవంబరు గుమ్మంలో నిలబడి ఉంది. ఈ ఆట పోతే కుతైసీలో పేరు పోయినట్టే.

పొద్దుటినుంచీ కురిసిన వాన అప్పుడే వెలిసింది. వరండాలో బల్ల వేశారు. ఒక మూల లామారా బుట్టెడు అక్రోటుకాయలు ముందు పోసుకుని, పగలగొట్టి, గింజలు దారానికి గుచ్చుతోంది. వాటిని కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారు. పెరట్లో ఇంకా రాలుతూనే ఉన్నాయి. రేకుల మీద పడ్డప్పుడల్లా వలికో అదిరిపడుతున్నాడు. అతనికి ఎవరు గెలవాలని ఉందో అతనికే తెలీదు పాపం.

దొమ్నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మక్వాలా కుడి గుప్పిట్లో అక్రోటుకాయ గట్టిగా ఉంది.

ఈసారి మంత్రిని ఊరేగించలేదు. గుర్రాల్నీ తాబేళ్ళనీ బయటికి తెచ్చింది, రాజుని మూలకి చేర్చి భద్రం చేసింది. దొమ్నా ఏ పావు కదిపినా చుట్టాన్ని అడిగినట్టు అడిగింది: ఎందుకొచ్చావమ్మా? ఎవరికోసం వచ్చావు?

ఆట మధ్యలో దొమ్నా తన గుర్రాన్ని తెచ్చి కాపలా లేని గడిలో నిలబెట్టింది. మక్వాలా చెయ్యి లేచిపోయింది. లేచిన చేతిలో కాయ ఉంది. దాన్ని బల్ల పక్కన పెట్టబోయింది. పెట్టే లోపల కన్ను ఒక చుట్టు తిరిగొచ్చింది. ఆ గుర్రాన్ని చంపితే దారి తెరుచుకుంటుంది, దూరపు మూలలో కునుకు తీస్తున్నట్టున్న దొమ్నా తాబేలు అక్కణ్ణించి ఒక్క అంగలో వచ్చి తన మంత్రిని మింగేస్తుంది. మక్వాలా గుప్పిట మళ్ళీ మూసేసింది. గుర్రాన్ని వదిలేసి రాజు ముందు బంటుని ఒక గడి జరిపింది.

దొమ్నా పెదవి చివర కొంచెం కదిలింది. ఎన్నాళ్ళుగానో ఈ కొండమీద ఆ ఎరని కాదన్నవాళ్ళు లేరు.

ఆ తర్వాత పావులు ఒకటికొకటి పోయాయి. మక్వాలాకి రాజు, ఒక రథం, ఒక బంటు మిగిలాయి. దొమ్నాకి రాజు, ఒక రథం. ఖాళీ బల్ల. సాయంత్రాలన్నీ లామారా ఇంట్లో చూసిన బల్లే అది. బంటు ఒక్కొక్క గడే నడిచి అవతలి గట్టుకి ఒక్క అడుగు ఇవతల ఆగింది.

దొమ్నాకి ఇంకా దారి ఉంది. ఆమె రథం పక్కకి జరిగి ఆఖరి గడిలో అడ్డం నిలబడితే చాలు, బంటు అక్కడే చిక్కుకుపోతుంది. మక్వాలా రాజు ఎక్కడో దూరాన ఉన్నాడు, సాయం రాలేడు. ఆట సమానం. సమానమంటే కుతైసీ లేదు. ఇది మక్వాలాకి కనిపించింది. లామారాకి కనిపించింది, గుచ్చడం ఆపేసింది. వలికోకి తప్ప అందరికీ కనిపించింది. దొమ్నాకి కనిపించకుండా ఎలా ఉంటుంది?

రేకుల మీద కాయ పడింది.

దొమ్నా కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. తేయాకు మీద ఎన్ని వేల రోజులో తిరిగిన చెయ్యి, దగ్గర్లో ఉన్నదాన్ని చటుక్కున అందుకునే చెయ్యి. అది వెళ్ళి దగ్గర్లో ఉన్న తన రాజు నెత్తి మీద వాలింది.

"ముట్టుకున్నాను" అంది దొమ్నా.

మక్వాలా కళ్ళముందు కుతైసీ బస్సు కదిలింది. వెంటనే ఏదో సిగ్గు ముంచుకొచ్చింది. రెండేళ్ళ చదువు ఇలా చేజారిన వేలు మీద గెలుచుకోవాలా? నోట్లోంచి మాట వచ్చేసింది. "లేదత్తయ్యా, చెయ్యి జారిందంతే. నేను చూడలేదు. రథాన్ని నడపండి." అంటూనే తన బస్సు తనే వదిలేసుకుంటున్నానని తెలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏం చూడలేదు? కళ్ళు నెత్తికెక్కాయా?" దొమ్నా గొంతుకి పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి. "ఎండాకాలంలో నువ్వు ముట్టుకుంటే నడిపించలేదూ? ఈ ఇంట్లో కోడలికో న్యాయం, అత్తకో న్యాయమా? లామారా, నువ్వు చూశావా లేదా?"

"చూశానే" అంది లామారా నీరసంగా.

దొమ్నా రాజుని ఒక గడి పక్కకి జరిపింది. బంటు గట్టెక్కి మంత్రి అయ్యింది. ఇంకో నాలుగు ఎత్తులాడి దొమ్నా తన రాజుని వేలితో పడుకోబెట్టింది. లేచి ఏప్రన్ దులుపుకుంది.

"రేపు కుతైసీ బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

* * *

మర్నాడు బస్సు దగ్గరికి దొమ్నానే మూట మోసుకొచ్చింది. రొట్టెలూ జున్నూ, లామారా గుచ్చిన దండలూ. మక్వాలా అక్రోటుకాయ తిరిగివ్వబోతే తోసేసింది. "ఉంచుకో. నాకేం కాయలకి కరువా?" అంది. ఆమె చేతిలో అప్పటికే కొత్త కాయ ఉంది, ఇంకా తొక్క మరక కూడా వదలని తడికాయ. మక్వాలా దాన్ని చూసింది. బస్సు కదులుతోంది, ఏడుపొస్తోంది, చూసి ఊరుకుంది.

రెండేళ్ళయ్యాక మాట ప్రకారం తిరిగొచ్చింది. వానకీ బురదకీ నిజంగానే పరిగెత్తుకొచ్చింది. ఊరి బడిలో టీచరయ్యింది. బడి వదిలాక సాయంత్రాలు అత్తాకోడళ్ళిద్దరూ ఆడేవాళ్ళు. ఎన్నేళ్ళో ఆడారు. దేశం పేరు మారింది, తోట మూతపడింది, వలికో లారీ తుప్పుపట్టింది, లామారా వెళ్ళిపోయింది. కరెంటు లేని చలికాలాల్లో కిరసనాయిలు దీపం పెట్టుకునీ ఆడారు. మక్వాలా పిల్లలకి పాఠాలు చెప్పేంత మంచి ఆటగత్తె అయ్యింది. దొమ్నాని మాత్రం మళ్ళీ ఒక్కసారి కూడా ఓడించలేకపోయింది. సమానం దాకా వచ్చేది, అంతే. కొత్త అక్రోటుకాయ దొమ్నా చేతిలో నెమ్మదిగా నల్లబడింది, నున్నబడింది, గలగలలాడింది.

ఒక్కసారి అడిగింది మక్వాలా. "అత్తయ్యా, ఆ రోజు కావాలనే రాజుని ముట్టుకున్నారు కదూ?"

దొమ్నా మొహం జేవురించింది. "నన్నేమనుకున్నావే? నేను కావాలని ఆట వదిలే రకమా? నా జన్మలో ఎవరికీ ఒక్క ఎత్తు వదల్లేదు, మీ మామకి కూడా! చెయ్యి పోయింది, ఓడిపోయాను. ఇంకోసారి ఆ మాటంటే ఈ బల్ల పొయ్యిలో పెడతాను."

వారం రోజులు మాట్లాడలేదు. దొమ్నా అబద్ధం ఆడదని మక్వాలాకి తెలుసు. అందుకే నమ్మింది. తన అదృష్టం, అత్తగారి పొరపాటు అనుకుంది. దొమ్నా పోయి ఇన్నేళ్ళయినా అలాగే అనుకుంటూ వచ్చింది.

* * *

ఈ అక్టోబరులో కొత్తగా చేరిన పిల్లొకతి ఉంది. నానుకా. చెయ్యి ఒకచోట నిలవదు. ఎత్తు చూడకముందే పావు పట్టేసుకుంటుంది. మక్వాలాకి దాన్ని చూస్తే ముచ్చటేస్తుంది.

"టీచర్, మీ చేతిలోది బాగా పాతదా?" అని అడిగింది ఆ పిల్ల.

"చాలా పాతది."

"మరి అది ఎవరికైనా ఇచ్చేశారనుకోండి. అప్పుడు మీకు ఆడటం రాదా?"

"ఎందుకు రాదే, పిచ్చిపిల్లా" అని నవ్వింది మక్వాలా. "పెరడు నిండా కాయలేగా. వంగి ఇంకోటి తీసుకోవడమే కదా..."

ఆ మాట దగ్గర ఆగిపోయింది.

ఆఖరి ఆట జరిగిన ఆ మధ్యాహ్నం వరండాలో లామారా ముందు బుట్టెడు కాయలున్నాయి. మెట్ల కింద కుప్పలున్నాయి. ముందురోజే వాటిని చీపురుతో ఊడ్చి కుప్ప పోసింది దొమ్నానే. ఆగస్టునుంచీ ఆమె చెయ్యి ఖాళీగానే ఉంది. తన చేతికి ఉన్న జబ్బు ఆమెకి తెలుసు, మందు కూడా తెలుసు. మందు కాలి దగ్గర కుప్పగా పడి ఉంది. మర్నాడు పొద్దున బస్సు దగ్గరికి వచ్చేసరికి చేతిలో కాయ ఉంది. ఆట రోజు మాత్రం లేదు.

ఎత్తు వదల్లేదు. అది నిజమే. ప్రతి ఎత్తూ గెలవాలనే ఆడింది, గుర్రాన్ని ఎర వేసింది, ముట్టుకున్నదాన్ని నడిపింది. ఒక్క కాయ కోసం వంగలేదు, అంతే. ఆ చలికాలమంతా ఒక్కతీ కూర్చుని చినుకులు లెక్కెట్టుకుంది.

"టీచర్, ఏడుస్తున్నారేంటి?" అంది నానుకా కంగారుగా.

రేకుల మీద ఒక కాయ టప్పుమని పడింది. పిల్ల పైకి చూడలేదు, టీచరు మొహంలోకే చూస్తోంది. మక్వాలా కళ్ళు తుడుచుకుని, గుప్పిట్లోని పాతకాయని కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత మెల్లగా మెట్లు దిగి, ముసలి నడుము పట్టుకుని వంగి, తడి గడ్డిలోంచి ఒక కొత్త కాయ తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"మా అత్తగారు గుర్తొచ్చారే" అంది. "కూర్చో. నీ ఎత్తే."